కుడి రెక్క బట్ట

కోస్గిలో మా సాలె వాడలో నా నోటికి జడవని మనిషి లేడు. బావి దగ్గర, సంతలో, పెళ్లిళ్లలో, చావు ఇళ్లలో కూడా అనాల్సిన మాట అనేసే వచ్చేదాన్ని. మా ఆయన సోలాపురం మిల్లుకు పోయిందే నా నోటికి భయపడి అని వాడలో ఒక వేళాకోళం. అందులో కొంత నిజం లేకపోలేదు. అలాంటిదాన్ని, పంతొమ్మిది వందల అరవై నాలుగు ఎండాకాలం చివర్లో ఒక పొద్దున, అనాల్సిన ఒక్క మాట అనకుండా మింగేశాను. అది చెప్పడానికే ఇదంతా.

ఆ ఏడు నేను పుట్టింట్లోనే ఉన్నాను. సోలాపురంలో మా ఆయనకు ఇంకా ఇల్లు దొరకలేదు. పొద్దంతా బాపుకు నేతకు కావలసిన నూలు కండెలు చుట్టేదాన్ని, వారానికొకసారి మా ఆయనకు ఉత్తరం రాసేదాన్ని. ఆ నాలుగు అక్షరాలు నాకు నేర్పింది మా తమ్ముడు ఐలేశమే. వాడు బెంగుళూరు కాలేజీలో విమానాలు ఎలా తయారుచేయాలో చదువుతున్నాడు. స్కాలర్‌షిప్పు వచ్చింది కాబట్టి పోయాడు, లేకపోతే బాపు పక్కన ఇంకో మగ్గం గుంటలో దిగేవాడే. వాడలో ఎవరికీ ఆ చదువు అంతుపట్టలేదు. బస్సు నడపడం నేర్చుకుంటున్నాడని కొందరు, మిలిటరీలో చేరాడని కొందరు అనుకునేవాళ్లు. మా అమ్మ వెంకటనర్సమ్మ మాత్రం ఎవరడిగినా "పెద్ద సదువు" అని రెండు ముక్కల్లో తేల్చేసేది.

ఏప్రిల్ ఆఖరులో వాడు మహబూబ్‌నగర్ బస్సు దిగి, భుజాన గోనెసంచితో ఇంటికొచ్చాడు. మా కోసం ఏం తెచ్చాడో అని నేనే ముందు సంచి విప్పాను. అన్నీ నూలు చిలపలు. సన్నటి, ఒక్క ముడి లేని నూలు. మగ్గం లేని ఊరి నుంచి సాలోళ్ల ఇంటికి నూలు మోసుకొచ్చిన మొనగాడు వీడొక్కడే అని ఎత్తిపొడిచాను. వాడు నవ్వి, బొగ్గుముక్కతో అరుగు మీద బొమ్మ గీశాడు.

వాడి చివరి ఏడాది పరీక్ష ఏమిటంటే, నలుగురు కుర్రాళ్లు కలిసి ఇంజను లేని చిన్న విమానం ఒకటి కట్టాలి. జీపుకు తాడు కట్టి లాగితే అది గాలిలోకి లేస్తుంది, తాడు వదిలేశాక గాలి మీదే తేలుతుంది. రెక్క లోపలంతా పలుచటి కర్రలు, పైన బట్ట. ఆ బట్ట ఇంతకుముందు ఇంగ్లండు నుంచి వచ్చేదట. చైనా యుద్ధం తర్వాత తెప్పించుకోవడానికి అనుమతులు దొరకడం లేదు. వీడు లేచి నిలబడి, మా బాపు నేస్తాడని మాస్టర్లకు చెప్పొచ్చాడు.

బాపు ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. మా బాపు గండయ్య మాట తక్కువ మనిషి, నా నోరు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. చివరికి ఒక్కటే అడిగాడు.

"అంచుకు ఏం రంగు పెట్టాలె?"

రెక్కకు అంచు ఉండదని ఐలేశం చెబితే బాపు ముఖం కొంచెం చిన్నబోయింది. కానీ ఆ రాత్రి అన్నం తింటూ అమ్మతో, చీరలు అందరూ నేస్తరు, గిది ఎవడు నేసిండు అన్నాడు. ఆయన అంత సంతోషంగా ఉండడం నేను నా పెళ్లిలో కూడా చూడలేదు.

మర్నాడే వాడు గంజి సంగతి ఎత్తాడు. పడుగుకు గంజి పట్టకపోతే నేత నడవదు, పోగులన్నీ పటపటా తెగిపోతాయి, అది సాలోళ్ల ఇంట పుట్టిన వాడికీ తెలుసు. అందుకని నేసేటప్పుడు గంజి ఉండనీ, నేశాక మాత్రం బట్టలో చుక్క గంజి మిగలకూడదు అన్నాడు. రెక్కకు బట్ట అతికించి దాని మీద ఒక రకం వార్నీషు పూస్తారు. అది పోగులోకి ఇంకి ఎండితే బట్ట డప్పు తోలులాగా బిగుసుకుంటుంది. గంజి ఉంటే వార్నీషు లోపలికి ఇంకదు, పైపైన పొరకడుతుంది. గాలి ఆ పొర కింద దూరిందంటే ఉల్లిపొట్టులాగా లేచిపోతుంది. ఇదంతా వాడు మా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాడు.

మే నెలంతా మా ఇంట్లో చీర నేయలేదు. మాకు నూలిచ్చి చీరలు తీసుకునే బుచ్చయ్య సేటు రెండుసార్లు వచ్చి గొణుక్కుంటూ పోయాడు. తెల్లారకముందే వీధి పొడవునా పడుగు కట్టేవాళ్లం. బాపు ఒక పక్క, ఐలేశం ఒక పక్క, నూకల గంజి పట్టి కుంచెతో దువ్వేవాళ్లు. వాడి చేతులు ఏమీ మర్చిపోలేదు. పొద్దెక్కి ఎండ కాలేలోపు పడుగు ఆరి వీణతీగల్లాగా నిలబడేది. అంగుళానికి ఎన్ని పోగులుండాలో వాడు చెబితే బాపు దానికంటే ఒక పోగు అటూ ఇటూ కానివ్వలేదు. నేను చుట్టిన కండెలను కూడా వేలితో తడిమి చూసి, వదులుగా ఉన్నవి నా ఒళ్లో పడేసేవాడు.

మొదటి బట్ట పూర్తయింది. బాపూ అమ్మా రెండుసార్లు వేడినీళ్లలో ఉడికించి ఉతికి, ఇంటి ముందు మంచం మీద ఆరేశారు. విమానం బట్ట చూద్దామని వాడంతా వచ్చింది, బుచ్చయ్య సేటు కూడా వచ్చాడు. బాపు తల ఎత్తుకొని నిలబడ్డాడు. అప్పుడు ఐలేశం లోపలికి పోయి చిన్న సీసా తెచ్చాడు. పుండ్లకు వేసే టించరు మందు, సర్కారు దవాఖానలో కాంపౌండరును అడిగి తెచ్చుకున్నాడు. గంజి ఉంటే ఈ మందు నీలమవుతుంది, లేకుంటే పసుపుపచ్చగా ఉంటుంది అని చెప్పి, అందరూ చూస్తుండగా ఆ తెల్లటి బట్ట మీద ఒక చుక్క వేశాడు.

చుక్క నల్లగా, నీలంగా, అరచేతి వెడల్పున పాకింది.

బుచ్చయ్య సేటు నవ్వాడు. "గండయ్యా, నీ కొడుకు నీ బట్టకు రోగమున్నదంటుండు" అన్నాడు. జనం కూడా నవ్వారు. ఐలేశం అదేమీ పట్టించుకోలేదు, ఇంకోచోట కూడా చుక్క వేసి చూస్తున్నాడు. బాపు వంగి ఆ మచ్చ మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. కొత్తబట్ట మీద మచ్చ పడితే సాలె మనిషికి ఎలా ఉంటుందో మీకు తెలియదు. "మళ్ల ఉతుకుతం తియ్" అని లోపలికి వెళ్లిపోయాడు.

వాణ్ని బావి దగ్గర పట్టుకున్నాను.

"బెంగుళూరుకు పోయి మస్తు నేర్చినవ్‌రా. నలుగుట్ల తండ్రి నేతకు మచ్చ పెట్టుడు గూడ ఆడనే నేర్పిండ్రా?"

ఇంకా చాలా అన్నాను. వాడు బొక్కెన పక్కన పెట్టి అన్నీ విన్నాడు. నా ఊపిరి అయిపోయాక మెల్లగా అన్నాడు.

"అక్కా, గా విమానంల మనిషి కూసుంటడు."

"ఎవడు?"

"నేనే."

అప్పటిదాకా అది పరీక్షకు చూపించే బొమ్మ అనుకుంటున్నాం మేమంతా. బాపూ అమ్మా అలాగే అనుకుంటున్నారు.

"నువ్వే ఎందుకురా? వేరేటోడు లేడా?"

"రెక్క నేను గీసింది. దాంట్ల వేరేటోన్ని ఎట్ల కూసోవెట్టాలె అక్కా?"

అమ్మకు తెలిస్తే తిండి మానేస్తుందనీ, బాపు మగ్గం ఆపేస్తాడనీ, ఎవరికీ చెప్పొద్దనీ నా చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకున్నాడు. ఒట్టు వేశాను. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి మొదటి బట్టను మళ్లీ రెండుసార్లు ఉడికించాం. చివరికి చుక్క పసుపుగానే నిలబడింది.

జూన్ మొదటివారంలో వాడు మొదటి బట్ట తీసుకొని వెళ్లిపోయాడు. అది ఎడమ రెక్కకు. కుడి రెక్క బట్ట ఇంకా మగ్గం మీదే సగముంది. బస్సు దగ్గర టించరు సీసా నా చేతిలో పెట్టాడు. వానలు గట్టిగా పట్టుకుంటే వార్నీషు ఆరదట, అందుకని పార్సిలు చేరిన రోజే అతికించెయ్యాలట.

"నువ్వు మందేసి చూసి ఒక ముక్క రాయి అక్కా. నువ్వు చూసినవంటే సాలు, నేను మళ్ల చూడ."

రెండో బట్ట మృగశిర కార్తెలో మగ్గం దిగింది. మబ్బులు వస్తున్నాయి, పోతున్నాయి, చినుకు లేదు. నేను దాన్ని నాలుగుసార్లు ఉతికాను, సవుడు మట్టి నీళ్లలో ఉడికించి మరీ ఉతికాను. ఒక మూల చుక్క వేశాను. పసుపుపచ్చ. ఇంకో మూల వేశాను, అదీ పసుపే. వెంటనే కూర్చొని ఉత్తరం రాశాను. "తమ్ముడు ఐలేశానికి అక్క రాయునది. రెండో బట్ట నాలుగు సార్లు ఉతికినము. నేను మందు వేసి చూచినాను. రంగు మారలేదు." రాసిందంతా నిజం. కవరుకు అన్నం మెతుకు రాసి అతికించాను.

మర్నాడు పొద్దున నేను నీళ్లకు పోయి వచ్చేసరికి బాపు వాకిట్లో నీళ్ల గోలెం ముందు కూర్చొని ఉన్నాడు. గోలెంలో రెండో బట్ట. పక్కన గంజి కుండ.

ఆయన నా ముఖం చూసి, నేను అడగకముందే చెప్పాడు.

"గట్ల చూడకు బిడ్డా. వాడు వద్దన్నది పడుగుకు పట్టిన గంజి. గది పోయింది, నువ్వే చూసినవ్. గిది పైమెరుగు, నీళ్లసోంటిది. ముప్పయ్యేండ్ల సంది నేస్తున్న, గసోంటి మెత్తటి పేలిక నా ఇంట్ల నుంచి బయటికి పోలే. ఆడ మాస్టర్లు చూస్తరు. ఐలేశం తండ్రి నేత గిదా అంటరు."

ఇది మా వాళ్లే చేయగల పొరపాటు. ఇతరులకు గంజి అంటే గంజే. మాకు పడుగు గంజి వేరు, మెరుగు గంజి వేరు. ఒకటి నేతకు, ఒకటి పరువుకు. రెండూ ఒకే కుండలోవని మాకు తోచదు. నాకు కూడా సగమే తోచింది. కానీ ఆ సగం చాలు. నెత్తిన బిందెతో అక్కడే నిలబడిపోయాను. వద్దు బాపూ అంటే ఎందుకు అంటాడు. ఎందుకో చెప్పాలంటే తమ్ముడి నెత్తి మీద వేసిన ఒట్టు తప్పాలి.

ఇలా చెబుతున్నాను గానీ, ఇది కూడా పూర్తి నిజం కాదు. ఒట్టు తప్పకుండానే కవరు చించి, చేరగానే ఇంకోసారి ఉతుకు అని ఒక్క గీత రాయొచ్చు. రాయాలని అనుకున్నాను కూడా. కానీ మంచం చుట్టూ జనం నవ్వడం గుర్తొచ్చింది. బాపు మడత పెట్టిన బట్టను వీడు అక్కడ స్నేహితుల ముందు విప్పి, మళ్లీ నీలం మచ్చ పెడతాడు, మళ్లీ నలుగురూ నవ్వుతారు అనుకున్నాను. ఆ మచ్చ పడిన రోజు నుంచి దిగాలుగా ఉన్న మా బాపు ఆ పొద్దున బట్ట పిండుతూ సన్నగా కూనిరాగం తీస్తున్నాడు. నీళ్లలాంటి గంజి ఏం చేస్తుందిలే అనుకున్నాను. బిందె దించుకొని లోపలికి పోయాను.

బట్ట ఆరాక బాపు దాన్ని మడతలు పెట్టి, పీట కింద ఉంచి, ఆ పీట మీద తనే కూర్చున్నాడు. మడత విప్పితే ఫెళఫెళమనేలా తయారైంది, పీట బరువుకే అంత బిగుసుకుందని ఎవరైనా అనుకుంటారు. గోనెపట్టాలో కుట్టి, పోస్టాఫీసులో లక్క ముద్ర వేయించి, బాపే పంపి వచ్చాడు. ఉత్తరం నేను డబ్బాలో వేశాను.

శ్రావణం సగంలో టెలిగ్రాం వచ్చింది. పోస్టుమాస్టరు దాన్ని పోస్టుమాన్ చేతికివ్వకుండా తనే తీసుకొని మా వాడకు నడిచి వచ్చాడు. ఆయన వాడలోకి మలుపు తిరగడం చూసినప్పుడే నాకు తెలిసిపోయింది. ప్రమాదం జరిగిందని, వెంటనే రమ్మని ఉందట. ఉన్నాడా పోయాడా అన్నది అందులో లేదు. బాపూ, ఉర్దూ వచ్చు కదా అని తోడుగా బుచ్చయ్య సేటూ, అంగీలు కూడా మార్చుకోకుండా బస్సెక్కారు.

ఆరో రోజు తిరిగొచ్చారు. బాపు చేతిలో మూతికి గుడ్డ కట్టిన చిన్న కుండ, సేటు చేతిలో తమ్ముడి రేకుపెట్టె. అమ్మ ఆ కుండను చూసి అరుగు మీదే కూలిపోయింది. ఆమె ఏడుపు వాడంతా విన్నది. బాపు ఏడవలేదు. కాళ్లు కూడా కడుక్కోకుండా పోయి మగ్గం గుంట గట్టు మీద కూర్చున్నాడు.

జరిగింది బుచ్చయ్య సేటే చెప్పాడు. ఆ మనిషిలో ఆ నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. మొదట రెండుసార్లు విమానం తాటిచెట్టంత ఎత్తు లేచి బాగానే దిగిందట. మూడోసారి బాగా పైకి పోయింది. తాడు వదిలి మలుపు తిప్పగానే కుడి రెక్క మీది బట్ట ముందువైపు నుంచి లేచి వెనక్కి ఒలుచుకుపోయిందట. ఎడమ రెక్క బట్ట మాత్రం పడిన తర్వాత కూడా అలాగే బిగుసుకొని ఉందట. వాన తేమకు వార్నీషు ఆరలేదేమో అంటున్నారట మాస్టర్లు. రెండు బట్టల నేతలో ఏమైనా తేడా ఉందా అని సేటుతో బాపును అడిగించారట. రెండూ నా చేతివే, ఒక్కతీరుగ నేసిన అని చెప్పాడట బాపు.

రేకుపెట్టె నేను విప్పాను. రెండు అంగీలు, ఒక స్వెట్టరు, కొలతల బద్ద, నల్లట్ట నోటు పుస్తకం. పుస్తకమంతా ఇంగ్లీషు అంకెలు, రెక్కల బొమ్మలు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒక పేజీలో రెండు గళ్లు గీసి ఉన్నాయి. ఎడమ గడిలో అంకెలు, తారీఖులు ఇంగ్లీషులో వరసగా రాశాడు. కుడి గడిలో అంకెలేమీ లేవు. తెలుగులో రెండు మాటలున్నాయి.

"అక్క చూసింది."

ఆ పేజీ మధ్యలో నా ఉత్తరం మడిచి పెట్టుకున్నాడు. ఉత్తరాన్ని ఆ పూటే పొయ్యిలో వేశాను. పుస్తకం కాల్చడానికి చేతులు రాలేదు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

కర్మలన్నీ అయిపోయాక, పన్నెండో రోజో పదమూడో రోజో, బాపు నన్ను మగ్గం దగ్గరికి పిలిచాడు. అమ్మ పక్కింట్లో ఉంది. బాపు మొలలో నుంచి రెండు గుడ్డముక్కలు తీశాడు. విరిగిన రెక్కల నుంచి ఒక్కొక్క పేలిక అడిగి తెచ్చుకున్నాడట, సేటుకు కూడా చెప్పలేదు.

"అండాలూ, గా మందు సీసె ఉన్నదా?"

ఉంది. బియ్యపు గూనలో దాచాను. తెచ్చి ఇచ్చాను. మొదటి పేలిక తిరగేసి, వార్నీషు లేని వైపు ఒక చుక్క వేశాడు. పసుపుపచ్చ. రెండోదాని మీద వేశాడు.

అది నీలమైంది.

ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. ఆయన దాని మీద బొటనవేలు పెట్టాడు, కానీ ఈసారి రుద్దలేదు. వీధిలో ఎవరో మేకలు తోలుకుపోతున్నారు, ఆ చప్పుడంతా పోయేదాకా ఆగాడు.

"దాంట్ల మనిషి కూసుంటడని నీకెరికేనా బిడ్డా?"

ఎరికే బాపూ అనాలి. నోటిదాకా వచ్చింది. ఊరందరినీ జడిపించిన నోరు ఇది.

"తెల్వదు బాపు" అన్నాను.

ఆయన తల ఊపాడు. చెయ్యి చాపి నా నెత్తి మీద పెట్టాడు.

"ఎరికైతే చెప్పకపోదువా" అన్నాడు.

ఇన్నేళ్లలో నన్ను తిట్టినవాళ్లున్నారు, శపించినవాళ్లున్నారు. నా మొగుడు ఒకసారి కొట్టాడు కూడా. ఆ మాట లాంటి దెబ్బ నాకు ఎవరూ కొట్టలేదు. ఆయన పూర్తిగా నమ్మి అన్నాడు ఆ మాట. నేను లేచి బయటికి పోయి, గోడకు ముఖం పెట్టుకొని ఏడ్చాను. తమ్ముడి కోసం ఏడుస్తున్నాననుకొని పక్కింటి జానమ్మ వచ్చి ఓదార్చింది.

మర్నాడు బాపు గంజి కుండ తీసుకుపోయి వాడ చివర వంపేసి, కుండను అక్కడే పగలగొట్టాడు. చీరలకు నూలు బుచ్చయ్య సేటు ఇచ్చిపోయాడు. బాపు ఆ పడుగుకు గంజి పట్టలేదు. అలాగే ఎక్కించి గుంటలో దిగాడు. నాడె నాలుగుసార్లు అటూ ఇటూ పోకముందే పోగు తెగింది. ముడి వేశాడు. మళ్లీ రెండు తెగాయి, ముడి వేశాడు. మధ్యాహ్నానికి బెత్తెడు కూడా సాగలేదు. ఆ బెత్తెడులోనూ అన్నీ ముడులే. ముఖంలో కోపం లేదు, ఏమీ లేదు. తెగిన కొసలు వెతుక్కుంటూ, వేళ్లు తడుపుకుంటూ ముడులు వేస్తూనే ఉన్నాడు. నేను మగ్గానికి ఇవతల కూర్చొని నా వైపు తెగినవి నేను ముడేశాను.

ఇలా నాలుగు రోజులు నడిచాయి. ఐదో రోజు అమ్మ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయి ఉంది.

"గీయనకు ఏమైందే? గంజి లేంది నేత ఎట్ల నడుస్తది? నువ్వన్న ఒక మాట చెప్పరాదే, నీ మాటైతే ఇంటడు."

బాపు తల ఎత్తకుండా ఇంకో పోగు ముడేస్తున్నాడు. అమ్మ నా నోటి వైపే చూస్తూ నిలబడింది. నేను కండె తీసుకొని చుట్టడం మొదలుపెట్టాను.